మురబ్బా పెట్టిన వితంతువు

ఆ గురువారం పొద్దున్న ఇమోజీన్ సాటర్‌వైట్ అనుకున్న పనులు పెద్దవేమీ కావు. రేలీన్ దుకాణానికి వెళ్ళి జుట్టు సెట్ చేయించుకోవాలి. శనివారం సభకు చికెన్ సలాడ్‌లోకి సరుకులు తెచ్చుకోవాలి. తను రాసుకున్న ఉపన్యాసాన్ని మరొక్కసారి గట్టిగా చదువుకోవాలి. పెండర్ ఫెర్రీ లాంటి ఊళ్ళో లైబ్రేరియన్‌కు ఏడాది మొత్తంలో అంతకన్నా పెద్ద వారం రాదు.

ఊరి ఆడవాళ్ళ పఠన సంఘం ఏటా వసంతకాలంలో ఒక ఉపన్యాసం పెడుతుంది. పదిపన్నెండు మంది వస్తారు. చల్లటి పళ్ళరసాల పంచ్ తాగుతూ, కారం చీజ్ కడ్డీలు కొరుకుతూ వింటారు. మధ్యలో ఒకరిద్దరు కునుకు తీస్తారు. చివర్లో అందరూ కలిసి మెత్తగా చప్పట్లు కొడతారు. ఈ ఏడాది వంతు ఇమోజీన్‌ది. ఆమె ఎంచుకున్న విషయం, "కోర్డీలియా మాబ్రీ: జీవితం, కథలు, ఆలోచనలు". ఈ మాట సంఘం సమావేశంలో ప్రకటించినప్పుడు పంచ్ గ్లాసులు ఒక్క క్షణం గాలిలో ఆగిపోయాయి. అప్పుడైనా ఇమోజీన్ గమనించి ఉండవలసింది.

కోర్డీలియా మాబ్రీ ఆ ఊరి మనిషే. రైల్వే స్టేషన్లో తంతి కొట్టే ఉద్యోగి కూతురు. స్టేషను వెనక ఇంట్లో, కిటికీ దగ్గర కూర్చుని "మూడు సమాధుల వాకిలి" అనే నవల రాసింది. ముప్పై ఏళ్ళ కిందట అది అచ్చయిన వారంలోనే పెట్టె సర్దుకుని మొబీల్ నగరానికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఊరి మొహం చూడలేదు. అందులో డెల్ఫీ అనే వితంతువు తన ముగ్గురు భర్తలకూ వరసగా అంజూరపు మురబ్బా వడ్డించి, ముగ్గురినీ తన వాకిట్లోంచి కనబడే స్మశానానికి సాగనంపుతుంది. చర్చి కప్పు వేయించడానికి పోగుచేసిన చందా మింగేసిన బ్యాంకు ప్రెసిడెంటు ఒకడున్నాడు. తన మేకను చర్చి స్మశానంలోనే పాతిపెట్టుకోవాలని, అది బతికుండగానే దానికి ఏట్లో బాప్తిస్మం ఇప్పించిన రైతు ఇంకొకడు.

ఆ నవల చదివామని ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. లైబ్రరీలో ఉన్న ప్రతిని ఇంటికి తీసుకెళ్ళిన మనిషి లేడు. కానీ మురబ్బా వచ్చే పుటలు మాత్రం చేతులు తగిలి తగిలి పాత రుమాలులా మెత్తబడిపోయాయి.

ఇమోజీన్‌కు ఆ రచయిత్రి అంటే ప్రాణం. పుస్తకాన్ని ఏడాదికోసారి చదువుతుంది. ఈసారి చదువుతుంటే ఆమెకు కొత్తగా ఒక విషయం తట్టింది. ఆ వితంతువు ఏ ఒక్క మనిషీ కాదు. మంచి గౌను వేసుకున్నట్టు మర్యాదని కప్పుకుని తిరిగే ప్రతి ఊరివాళ్ళలోనూ ఆమె కాస్త కాస్త ఉంది. ఉపన్యాసానికి గుండెకాయ అదే. ఆ సంతోషం పట్టలేక రేలీన్ కుర్చీలో కూర్చోగానే నోరు జారింది.

"ఇంతకీ శనివారం ఏం చెప్తావే?" అంది రేలీన్, జుట్టుకి రోలర్లు చుడుతూ.

"ఇన్నేళ్ళకి ఆ మురబ్బా పెట్టినావిడ ఎవరో నాకు తెలిసింది రేలీన్. మన మధ్యనే ఉంది. మనమే చూళ్ళేదు."

మిగతాది చెప్పేలోపే రేలీన్ డ్రయ్యరు టోపీని ఆమె తల మీదికి దించి మీట నొక్కేసింది. చెవుల్లో గాలివాన మొదలైంది. రేలీన్ అద్దం ముందు దువ్వెన పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత వచ్చి ఇమోజీన్ మొహం మీదికి వంగి ఏదో అడిగింది. రేలీన్ ప్రతివారం ఈ సమయానికి వంగి, వేడి ఎక్కువైందా అని అడుగుతుంది. ఇప్పుడూ అదే అడిగిందనుకుంది ఇమోజీన్. డ్రయ్యరు కింద కూర్చున్నవాళ్ళందరిలాగే తనూ దుకాణం అదిరేలా అరిచింది.

"అవును! మరీనూ! ఇందాకట్నుంచీ చెప్పేద్దామనే చూస్తున్నా!"

రేలీన్ అడిగింది వేరు. "ఎవరే? వెస్టా హాలోవే వాళ్ళమ్మేనా?" అని అడిగింది.

దుకాణంలో కూర్చున్న ఆడవాళ్ళ చేతుల్లో పత్రికలు కిందికి దిగాయి. మూల కుర్చీలో ఒకావిడ సగం తలకి రోలర్లతోనే లేచి, బ్యాగు తీసుకుని వీధిలోకి నడిచింది. ఆవిడ కడుపులో ఏదో ఇబ్బంది కాబోలు పాపం అని ఇమోజీన్ జాలిపడింది.

సరుకులు కొనుక్కుని లైబ్రరీకి వచ్చేసరికి మిస్ వెస్టా హాలోవే బల్ల ముందు నిలబడి ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. చేతికి తెల్లటి గ్లవ్స్, కాళ్ళకి నల్లటి బూట్లు. లైబ్రరీ ఉన్న కట్టడం ఆమెదే. పైసా అద్దె లేకుండా ఊరికి ఇచ్చింది. అందుకని ఆమె వస్తే ఇమోజీన్ ఎప్పుడూ లేచి నిలబడుతుంది. ఇవాళ కూర్చునే అవకాశమే దొరకలేదు.

"ఇమోజీన్, మా అమ్మ నీకేం అపకారం చేసింది?"

"అయ్యో, అదేం మాటండీ మిస్ వెస్టా?"

"మా అమ్మ ముగ్గురు మొగుళ్ళకీ విషం పెట్టి చంపిందా?"

ఇమోజీన్ చేతిలోని, సలాడ్‌కని కొన్న సెలెరీ కట్ట నేల మీద పడింది. "ఎవరన్నారండీ ఆ మాట!"

"నువ్వే అన్నావట. రేలీన్ దుకాణంలో కూర్చుని, వీధి చివరిదాకా వినబడేలా అన్నావట. మా నాన్న గుండె ఆగి పోయాడు. రెండో ఆయన్ని గుర్రం తన్నింది. మూడో ఆయన..." ఆమె ఆగి గ్లవ్స్ సవరించుకుంది. "మూడో ఆయన సంగతి డాక్టర్లకే తెలీలేదు. అంతమాత్రాన ఇంత మాటంటావా?"

కంగారులో ఇమోజీన్ నిజం చెబితే చాలనుకుంది. "మీ అమ్మగారిని కాదండీ! నేను చెప్పేది అది కానే కాదు. మాబ్రీగారు ఒక్కరిని చూసి రాయలేదు. ఊరంతటినీ చూసి రాశారు. అందరిళ్ళలోనూ ఉన్నదే ఆ పుస్తకంలో పెట్టారు. నేను శనివారం చెప్పబోయేదల్లా అదే."

మిస్ వెస్టా ముఖంలో కోపం తగ్గింది. దాని స్థానంలోకి వచ్చింది ఇంకా భయంకరంగా ఉంది. "అందరిళ్ళలోదీనా?" అంది నెమ్మదిగా.

"అందరిదీనండీ! మీదొక్కటే కాదు!"

మిస్ వెస్టా కిటికీలోంచి వీధిని చూసింది. ఎదురుగా బ్యాంకు, పక్కన దంతవైద్యుడి బోర్డు, ఆ పక్కన మెథడిస్టు చర్చి. ఒక్కొక్కదాని మీదా ఆమె చూపు కాసేపు ఆగింది. తర్వాత గోడకున్న మేకు దగ్గరికి వెళ్ళి లైబ్రరీ తాళంచెవి తీసి బ్యాగులో వేసుకుంది.

"శనివారం సభ నా కప్పు కింద జరగదు. ఇంకెక్కడైనా నువ్వు నోరు తెరిచావో, సోమవారానికి ఈ పుస్తకాలూ ఇక్కడ ఉండవు. వీధిలో పెట్టుకుని కూర్చో."

ఆమె వెళ్ళాక ఇమోజీన్ వంగి సెలెరీ కట్ట ఏరుకుంది. ఎప్పుడో ఒకసారి బడి పిల్లలు అట్టలు చించినందుకే రెండు రోజులు నిద్రపోని మనిషి ఆమె. పుస్తకాలన్నీ వీధిలో, వానలో ఉన్నట్టు కళ్ళకు కట్టింది. ఫోన్ తీసి రేలీన్‌కు కలిపింది.

"నేనెవరికీ ఒక్క ముక్క చెప్పలేదే, ఒట్టు!" అంది రేలీన్. "ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం కాదనలేదు. అబద్ధం ఆడలేను కదా!"

సాయంత్రం ఇమోజీన్ భర్త హాయిట్ ఇంటికి వచ్చాడు. పశువుల దాణా దుకాణం నడిపే మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, అదీ అవసరమైతేనే. మధ్యాహ్నం పుచ్చిన పన్ను బాగుచేయించుకోవడానికి దంతవైద్యుడు డాక్టర్ లమార్ పికెన్స్ దగ్గరికి వెళ్ళాడు. ఇప్పుడు ఒక బుగ్గ బన్నురొట్టెలా ఉబ్బి ఉంది.

"నువ్వు ఏం తేతావే ఇమోదీన్?" అన్నాడు తిమ్మిరెక్కిన నోటితో.

"ఏం చేశాను?"

"లమార్ నా నోట్లో రెండు తేతులూ పెట్టి అడిగాడే. 'మీ ఆవిడ శనివారం మా తాతని దొంగంటుందటగా?' అన్నాడు. నేను 'ఆఁ?' అన్నాను. 'పేరు పెట్టి అంటుందా?' అన్నాడు. 'ఆఁ, ఆఁ' అన్నాను. నోట్లో అద్దం పెట్టుకుని మనిషి ఇంకేమనగలడే?"

"మరి పన్ను?"

"సగం తవ్వి వదిలేతాడు. తక్కింది నీ ఉపన్యాసం విన్నాక తూద్దామన్నాడు."

డాక్టర్ పికెన్స్ తాత ఒకప్పుడు ఊరి బ్యాంకుకు ప్రెసిడెంటు. ఆయన రోజుల్లో మెథడిస్టు చర్చి కప్పు చాలా ఏళ్ళు కారింది. ఎందుకు కారిందో ఎవరూ అడగలేదు. వాన పడినప్పుడు గొడుగులు వేసుకునే కీర్తనలు పాడేవారని మాత్రం పాతవాళ్ళు చెబుతారు. ఇమోజీన్‌కు ఇదంతా అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ పుస్తకాన్ని ఆలోచనల కోసం చదివిందే కాని, ఎవరి తాత ఎవరో ఒక్కసారి కూడా పోల్చి చూడలేదు. ఊళ్ళో ఆ పని చెయ్యని మనిషి తనొక్కతేనని ఆమెకు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. డాక్టర్ పికెన్స్ భార్య, చేతిలో వెన్న కేకు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా వారి తాతగారు పిల్లలంటే ఎంతో ప్రేమగా ఉండేవారండీ. మీరు ఏం చెప్పినా, ఆ మాట కూడా కాస్త చెప్పండి" అని కేకు ఇమోజీన్ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కేకు బల్ల మీద పెట్టేలోపే ఇంకొకరు వచ్చారు. బంగాళాదుంపల వంటకం. తర్వాత వేయించిన కోడి. తర్వాత జెల్లీలో ముంచిన పండ్లు. మధ్యాహ్నానికి బల్ల నిండి, స్టవ్ మీద నిండి, కుర్చీలు కూడా నిండాయి. వచ్చినవాళ్ళంతా గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, ఇమోజీన్ చెయ్యి పట్టుకుంటున్నారు, కళ్ళు ఒత్తుకుంటున్నారు.

అన్నానికి వచ్చిన హాయిట్ వంటింటి గడపలో ఆగిపోయి టోపీ తీశాడు. "ఎవరు పోయారే మనింట్లో, ఇన్ని వంటలు వచ్చాయి?"

"ఎవరూ పోలేదు. నేనే పోయేటట్టున్నాను."

అప్పుడే టటిల్ అన్నదమ్ములు వచ్చారు. ఏటి గట్టున పందులు పెంచుకునేవాళ్ళు. చర్చికి తప్ప ఊళ్ళోకి రారు. వాకిట్లో బూట్లు విప్పి, ఇద్దరూ కలిసి పొగబెట్టిన పంది తొడ, ఒక పెద్ద హామ్ మోసుకొచ్చారు.

"మీరూ వచ్చారా?" అంది ఇమోజీన్. "ఆ మేక సంగతిలో మీ బాబాయి పేరు నేనెత్తను. ఒట్టేసి చెబుతున్నాను. అది తీసుకెళ్ళిపోండి."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అయ్యో, అలా అనకండమ్మా" అన్నాడు పెద్దవాడు. "పేరెత్తమని అడగడానికే వచ్చాం. క్లీటస్ టటిల్. మేకని ముంచింది మా బాబాయే. అందరికీ వినబడేలా చెప్పండి. వీలుంటే రెండుసార్లు."

"సిగ్గుగా లేదూ మీకు?"

"సిగ్గెందుకమ్మా? పుస్తకంలో పడ్డాడు!" అన్నాడు చిన్నవాడు. "మా వంశంలో పేపర్లోకెక్కినవాడు కూడా లేడు."

ఆ తర్వాత వచ్చినవాళ్ళలో ఎవరు చెప్పొద్దని వస్తున్నారో, ఎవరు చెప్పమని వస్తున్నారో ఆమెకు తెలియకుండా పోయింది. ఒకావిడ చిలగడదుంపల తీపి వంటకం ఇచ్చి, "ఏం చెయ్యాలో మీకు నేను చెప్పాలా?" అని కన్నుగీటి వెళ్ళింది. ఆ కన్నుగీటు గురించి భార్యాభర్తలిద్దరూ చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. ఏమీ తేలలేదు.

సాయంత్రానికి ఇమోజీన్ ఒక నిర్ణయానికొచ్చింది. సభ రద్దు. తనకి గొంతు పోయిందని చెప్పేస్తుంది. లైబ్రరీ మిగిలితే చాలు. సంఘం అధ్యక్షురాలికి చెబుదామని ఫోన్ మీద చెయ్యి వేసిందో లేదో, ఫోనే మోగింది.

"మొబీల్ నుంచి మాట్లాడుతున్నానండీ" అంది ఒక యువతి గొంతు. "కోర్డీలియా మాబ్రీగారు మా అత్తయ్య. రేపు మీ ఊళ్ళో సభ ఎన్నింటికండీ?"

ఇమోజీన్ గొంతు నిజంగానే పోయింది.

"మీ ఊరి నుంచి ఎవరో లాయరు నిన్న ఫోన్ చేశాడండీ. మిస్ వెస్టా హాలోవే తరఫున దావా వేస్తామన్నాడు. అప్పట్నుంచీ మా అత్తయ్య టోపీ పెట్టుకుని వాకిట్లో కుర్చీలో కూర్చున్నారు. లోపలికి రమ్మంటే రావడం లేదు. రేపు తీసుకొస్తున్నాను. ఇంకేం చెయ్యను?"

ఇమోజీన్ అందిన కుర్చీలో కూలబడింది. డాక్టర్ పికెన్స్ భార్య తెచ్చిన కేకు అందులోనే ఉంది.

శనివారానికి సభ హైస్కూలు బాస్కెట్‌బాల్ హాలుకు మారింది. లైబ్రరీ తాళంచెవి మిస్ వెస్టా బ్యాగులో ఉంది. పైగా వచ్చేవాళ్ళు పదిపన్నెండు మంది కాదని ఊరందరికీ తెలిసిపోయింది. ఫుట్‌బాల్ పోటీలకు కూడా అంత జనం రాలేదు. బల్లల మీద చోటు చాలక గోడల వెంట నిలబడ్డారు. చేతుల్లో చర్చివాళ్ళు పంచే అట్ట విసనకర్రలు ఊగుతున్నాయి. ముందు వరసలో మిస్ వెస్టా, పక్కన ఆమె లాయరు. రెండో వరసలో డాక్టర్ పికెన్స్ చేతులు కట్టుకుని, ఆ వెనకే హాయిట్ బుగ్గ పట్టుకుని. రేలీన్ కొత్త గౌను వేసుకొచ్చింది.

ఇమోజీన్ కాగితాలు బల్ల మీద పెట్టింది. అవి కదలకుండా ఉండాలని చేతులతో నొక్కింది.

"కోర్డీలియా మాబ్రీగారు మన స్టేషను వెనక ఇంట్లో..."

"ఆగు!" మిస్ వెస్టా లేచి నిలబడింది. "ఇంకొక్క మాట మాట్లాడితే మా లాయరు నోటీసు ఇస్తాడు."

"మా తాత పేరెత్తితే నేనూ ఇస్తాను!" అని డాక్టర్ పికెన్స్ లేచాడు.

"క్లీటస్!" అని వెనకనుంచి కేక వచ్చింది. "క్లీటస్ టటిల్!"

ఆ అలజడిలో హాలు తలుపు తెరుచుకున్న సంగతి ముందు ఎవరూ చూడలేదు. మేనకోడలి చెయ్యి పట్టుకుని ఒక చిన్న మనిషి లోపలికి వచ్చింది. ఎనభై నాలుగేళ్ళు. మనిషికన్నా టోపీయే పెద్దగా ఉంది. చేతికర్రను నేల మీద ఒక్కసారి కొట్టింది. బాస్కెట్‌బాల్ హాలు చెక్కనేల కదా, తుపాకీ పేలినట్టయింది.

"ఎవరే ఆ ఇమోజీన్?"

ఈ మనిషి ఎదురైతే ఏం మాట్లాడాలో ఇరవై ఏళ్ళుగా మనసులో దిద్దుకుంటూ వచ్చింది ఇమోజీన్. వాక్యనిర్మాణం గురించి ఒక ప్రశ్న, ఒంటరితనం గురించి ఒక ప్రశ్న సిద్ధంగా ఉన్నాయి. తీరా నోరు తెరిస్తే వచ్చింది, "సలాడ్ తింటారా అండీ?"

"తర్వాత తింటాను" అంది కోర్డీలియా మాబ్రీ. మేనకోడలు తెచ్చిన కుర్చీలో కూర్చుని, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని జనాన్ని కలయజూసింది. "నా మీద దావా వేసేదెవరు? నువ్వా వెస్టా? ఎంత ముసలిదానివైపోయావే! కూర్చో. మీకందరికీ ఒక మాట చెప్పి పోదామని వచ్చాను. నా పుస్తకంలో ఈ ఊరివాళ్ళు ఒక్కరు కూడా లేరు."

హాలంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. విసనకర్రలు మళ్ళీ ఊగాయి. ఇమోజీన్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయిపోయింది, లైబ్రరీ నిలబడింది అనుకుంది.

"అదంతా కోల్డ్‌క్రీక్" అంది మాబ్రీ.

విసనకర్రలు ఆగిపోయాయి.

కోల్డ్‌క్రీక్ ఏటికి ఎగువన ఉన్న ఊరు. పెండర్ ఫెర్రీకి రావలసిన కోర్టు కోల్డ్‌క్రీక్‌కు పోయింది. రావలసిన రోడ్డు అటే పోయింది. ఏటా ఫుట్‌బాల్ కప్పు కూడా అటే పోతుంది. ఆ పేరు ఈ ఊళ్ళో అన్నాల దగ్గర ఎత్తరు.

"వితంతువూ, బ్యాంకువాడూ, మేకా అంతా కోల్డ్‌క్రీకే" అంది ఆ ముసలామె చాలా మెత్తగా. "ఇక్కడ ఏళ్ళ తరబడి కిటికీ దగ్గర కూర్చున్నాను, ఎవరైనా ఏదైనా చేస్తారేమోనని. ఎవరూ ఏమీ చెయ్యలేదు. మీరు మంచివాళ్ళు. చాలా మంచివాళ్ళు. మీ గురించి రెండు పుటలు కూడా నిండలేదు నాకు. ఏం చెయ్యను? బస్సెక్కి కోల్డ్‌క్రీక్ వెళ్ళాల్సొచ్చింది."

చర్చిలో చావుకబురు చెప్పినప్పుడు కూడా ఆ ఊరు అంత మూగబోలేదు. ముందుగా కదిలింది మిస్ వెస్టా. ఆమె ముఖం తెల్లగా పాలిపోయి, తర్వాత ఎర్రబడింది.

"కోల్డ్‌క్రీక్‌లో అంజూరపు చెట్టే లేదు!"

"ఉందనుకుంటాను వెస్టా."

"లేదు! మా అమ్మ మురబ్బాకి జిల్లా సంతలో నీలం రిబ్బను ఇచ్చారు! మూడో ఆయన పోయిన పొద్దున మా అమ్మే స్వయంగా వడ్డించింది. నేను బల్ల దగ్గరే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. నేను అడిగితే నీక్కాదు అంది! ఇంకేం కావాలి నీకు?"

లాయరు ఆమె గౌను అంచు పట్టుకుని లాగాడు. ఆమె అతని చేతిమీద గ్లవ్‌తో కొట్టింది. ఇమోజీన్ బల్లను పట్టుకుని నిలబడింది. తను విన్నది నిజమేనా అని హాయిట్ వైపు చూసింది. హాయిట్ బుగ్గ మీద చెయ్యి తీసేసి నోరు తెరుచుకుని ఉన్నాడు.

డాక్టర్ పికెన్స్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "చర్చి చందా తిన్నది మా తాతే! కోల్డ్‌క్రీక్ బ్యాంకువాడికి అంత తెలివెక్కడిది? మా ఇల్లు ఆ డబ్బుతో కట్టిందే. స్తంభాలతో సహా! ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు!"

"డార్లింగ్!" అని ఆయన భార్య ఏడుపు గొంతుతో అంది. వెంటనే తనే లేచి, "మేడ మీది గదులు కూడా!" అంది.

"మేక పేరు జెరూషా!" అని అరిచారు టటిల్ అన్నదమ్ములు. "మునిగింది మన ఏట్లో! సమాధి ఇంకా ఉంది, చర్చి వెనక, మిసెస్ ఆబర్నతీగారి పక్కన!"

ఇక ఆపడం ఎవరివల్లా కాలేదు. ఎవరి పెద్దనాన్నో రెండు ఊళ్ళలో రెండు కాపురాలు పెట్టాడు. ఎవరి మామ్మో సారా కాచి పాస్టరుకే అమ్మింది. "మా పెద్దమ్మ ఇద్దరు పాస్టర్లతో లేచిపోయింది!" అని రేలీన్ అందరికన్నా గట్టిగా కేక వేసి, ఒక్క క్షణం ఆగి, "వేరువేరుగా!" అని చేర్చింది. ఇప్పటి పాస్టరుగారు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. అరవై ఏళ్ళుగా ఏ ఇంట్లో దాచింది ఆ ఇంట్లోనే మగ్గిన మాటలు ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ బయటపడ్డాయి. జనం వరసలో నిలబడ్డారు. ముందువాడు ఎక్కువసేపు తీసుకుంటున్నాడని వెనకవాళ్ళు విసుక్కున్నారు. కోర్డీలియా మాబ్రీ గడ్డం కర్రకి ఆనించుకుని ఒక్కొక్కటీ విని, "అయ్యో, నాకు ఎవరూ చెప్పలేదే" అంటూ తల ఊపింది. ఇమోజీన్ ఉపన్యాసం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. అది అలా ఆగిన సంగతి ఇమోజీన్ తప్ప ఎవరూ గమనించలేదు.

హాలు ఖాళీ అవుతున్నప్పుడు మిస్ వెస్టా వచ్చి తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. "సోమవారం లైబ్రరీ తియ్యి. మా అమ్మ ఫోటో పంపిస్తాను, వచ్చేవాళ్ళకి ఎదురుగా కనబడేలా పెట్టు. మురబ్బా సీసా పట్టుకుని ఉన్నది." డాక్టర్ పికెన్స్ ఉత్సాహంగా హాయిట్ భుజం తట్టి, తక్కిన పన్ను సంగతి రేపే చూస్తానన్నాడు, ఆదివారమైనా సరే.

ఇమోజీన్ రచయిత్రి చెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించింది. ఆవిడని కూర్చోబెట్టి, ఒళ్ళో సలాడ్ డబ్బా పెట్టింది. మేనకోడలు కారు వెనక డిక్కీలో హామ్ సర్దుతోంది. ఉండబట్టలేక ఇమోజీన్ అడిగింది.

"నిజంగా అంతా కోల్డ్‌క్రీకేనా అండీ?"

ముసలామె కిటికీ అద్దం ఇంకాస్త దింపి అటూ ఇటూ చూసింది. "పిచ్చిదానా, కోల్డ్‌క్రీక్ మొహం నేనెప్పుడు చూశాను? వెస్టా వాళ్ళమ్మే. ఇంకెవరు? ఒకసారి మా నాన్నకి కూడా పంపింది ఒక సీసా. మా అమ్మకి అనుమానం వచ్చి కుక్కకి పెట్టింది."

"కుక్క...?"

"మంచి కుక్క" అంది మాబ్రీ, దూరంగా చూస్తూ.

ఇమోజీన్ కారు తలుపు పట్టుకుంది. రెండు రోజులుగా విన్నవాటన్నిటిలోనూ ఇదే ఆమెను ఎక్కువగా కుదిపింది. ఆవిడ నోటి నుంచి అబద్ధం వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. "మరి అందరి ముందూ అలా..."

"ఈ వయసులో నన్ను కోర్టు మెట్లు ఎక్కమంటావా? పుస్తకంలో మీరున్నారు అంటే దావా వేస్తారు. మీరు లేరు అంటే చూశావుగా, లాయరు ముందే ఒప్పుకున్నారు. ఇక ఏ కోర్టుకి పోతారు?"

ఇంజను స్టార్టయింది. ఇమోజీన్‌కు అప్పుడు ఒక ప్రశ్న గొంతులోకి వచ్చింది. దాన్ని మింగుదామని చూసింది, కుదరలేదు.

"మరి మా పుట్టింటివాళ్ళండీ? గ్రబ్స్ వాళ్ళం. ఐసు ఫ్యాక్టరీ వెనక ఉండేవాళ్ళం. మా నాన్నో, మా అమ్మో, ఎక్కడైనా ఒక మూల ఉన్నారా పుస్తకంలో?"

కోర్డీలియా మాబ్రీ టోపీ పైకెత్తి ఆమె ముఖాన్ని శ్రద్ధగా చూసింది. నిజాయితీగా ఆలోచించింది.

"గ్రబ్స్..." అంది. "గుర్తు రావడం లేదే అమ్మాయ్."

కారు వెళ్ళిపోయింది. ఇమోజీన్ చెయ్యి ఊపడం కూడా మరిచిపోయి నిలబడిపోయింది. కుంభవృష్టి కురిసి వెలిసినట్టుంది కదా, హాయిగా ఉండాలి కదా అనుకుంది. లైబ్రరీ దక్కింది, పరువు దక్కింది. తనవాళ్ళ మీద ఒక్క మచ్చ లేదు. కానీ హాయిట్ ట్రక్కు వరకూ నడిచేసరికి ఆ మచ్చ లేకపోవడమే గుండెలో ముల్లులా గుచ్చుకోసాగింది.

ట్రక్కు ఊరు దాటి పొలాల దారిన పడింది. ఇమోజీన్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చివరికి మొగుడి వైపు తిరిగింది.

"హాయిట్, పోనీ మీవైపు ఎవరైనా ఏదైనా చేశారా?"

"ఏదైనా అంటే?"

"ఏదైనా. చెప్పుకోదగ్గది."

హాయిట్ దారి పొడుగునా ఆలోచించి, ఇంటి ముందు బండి ఆపాక, తన మేనమామ ఒకసారి ఎవరిదో గొడుగు అడిగి తెచ్చుకుని తిరిగి ఇవ్వలేదని చెప్పాడు.